గండం తీరిన నాలుగో రోజు

నా తమ్మునికి నీళ్ళతో ప్రాణాపాయం ఉందని వాడికి పేరు పెట్టే రోజే ఒక పెద్దమనిషి చెప్పినాడు. పెద్దమనిషి అన్నది మర్యాదకు రాస్తున్నాను. మనసులో ఆయన్ని నేను ఎన్నడూ అట్లా పిలవలేదు. ఆయన ప్రొద్దుటూరులో జాతకాలు రాసేవాడు. మా నాయన అదే ఊళ్ళో పత్తి మిల్లులో గుమాస్తా. ఆ పరిచయంతో ఆయన్ని బస్సులో పక్కన కూర్చోబెట్టుకొని జమ్మలమడుగు దాకా తీసుకొచ్చినాడు. ఆయన మా పడసాలలో చాప మీద కూర్చొని, ఆకువక్క నములుతూ, కాగితం మీద గళ్ళు గీసి, "నీళ్ళ గండముండాది. పదేండ్లు నిండేదాకా పిల్లోణ్ణి నీళ్ళ దిక్కు పోనియ్యగాకండి. పది నిండినాయంటే ఇంక వానికి తిరుగు లేదు, నూరేండ్లు బతుకుతాడు" అన్నాడంట. అప్పుడు నాకు మూడేండ్లు. ఆ మాట నాకు గుర్తు లేదు గానీ మా జేజి దాన్ని రోజూ చెప్పేది కాబట్టి గుర్తున్నట్టే లెక్క.

జేజి అంటే మా నాయన తల్లి. ఇంట్లో ఆమె మాటే చట్టం. నాయన వారానికొకసారి ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఆమెకు తల ఊపి, మళ్ళీ బస్సెక్కేవాడు. అమ్మ రోజంతా తల ఊపేది. గళ్ళ కాగితం వచ్చినప్పటి నుంచి జేజికి ఇంట్లో నీళ్ళున్న ప్రతిదీ శత్రువే అయింది. దొడ్లో తొట్టికి చెక్కమూత చేయించింది. మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. తమ్మునికి స్నానం ఎట్లాగంటే, బండ మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో వాడి రెక్క గట్టిగా పట్టుకొని, ఇంకో చేత్తో చెంబు చెంబుగా పోసేది. వాన పడితే వాడు గడప దాటకూడదు. వీధిలో మడమ మునగని నీళ్ళు నిలిచినా, అవి ఇంకేదాకా వాడికి బడి లేదు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే వాడికి కాపలా కుక్కను నేనే.

బడికి పోతే వాని చెయ్యి నేను పట్టుకోవాలి. తిరిగొస్తే నేనే పట్టుకోవాలి. ఒక ఏడు పెన్నకు నీళ్ళొచ్చినాయని బళ్ళో అయ్యవారు పిల్లలందర్నీ ఏటి గట్టుకు తీసుకుపోయినాడు. మా ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. నీళ్ళొచ్చినాయంటే ఊరు ఊరంతా చూడ్డానికి పోతుంది. అందరూ పోయినారు, మేమిద్దరం తప్ప. ఖాళీ బళ్ళో వాడు పలక మీద ఏనుగు బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి, దూరంగా పిల్లల కేకలు వింటూ, వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాను. వాడు బొమ్మ చూపించి "బాగుందా అక్కా?" అన్నాడు. బాగలేదన్నాను.

నాకు వాడంటే ఇష్టం లేదు. ఇప్పుడు ఈ మాట రాస్తే చదివేవాళ్ళకు కష్టంగా ఉంటుందేమో. కానీ నిజం అదే. నెయ్యి వాడి బువ్వలోకే పోయేది. పాల మీద మీగడ వాడిది. కొత్త చొక్కా ముందు వాడికి కుట్టించి, మిగిలిన గుడ్డ ఉంటే నా సంగతి చూసేవాళ్ళు. గండం ఉన్న పిల్లోడు కదా, వాడి మనసు కష్టపెట్టకూడదు. నాకు జాతకం రాయించలేదు. అడిగితే జేజి, "ఆడపిల్లకు ఇప్పట్నించే ఏం జాతకంమే? పెండ్లప్పుడు చూసుకోవచ్చులే" అన్నది. నాకు ఏ గండమూ లేదని కాదు, ఉన్నా ఎవరికీ అక్కర్లేదని.

అక్కర్లేకపోవడం వల్లే నాకు ఈత వచ్చింది. ఊరి బయట మా చేనులో కపిల బావి ఉండేది. ఎద్దులతో నీళ్ళు తోడే పెద్ద బావి. మెట్లు సగం దాకానే ఉంటాయి, తరువాత నిలువు రాతిగోడ. మా సేద్యగాడు ఎండాకాలంలో తన పిల్లలకు అందులో ఈత నేర్పుతూ నన్నూ దింపినాడు. నా వీపుకు నీళ్ళలో తేలే మూడు బెండ్లు కట్టి, నడుముకు మోకు కట్టి, కొస తన చేతిలో పెట్టుకొని మెట్టు మీద కూర్చున్నాడు. "కాళ్ళాడించు పాపా! చేతులు కాదు, కాళ్ళు!" అని అరిచేవాడు. వారం తరువాత ఒక బెండు తీసేసినాడు. నెల తిరిగేసరికి బెండ్లూ లేవు, మోకూ లేదు. నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఇంటికి పోతే జేజి నా తడి జడ చూసి, "ఎండలో ఆరబెట్టుకో" అన్నది, అంతే. ఆ ఇంట్లో నాకొక్కదానికే ఉన్నది ఆ బావి. నెయ్యి వాడిది, మీగడ వాడిది, చొక్కా వాడిది, నీళ్ళు నావి.

వాడికి తొమ్మిదేండ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఒక మధ్యాహ్నం దొడ్లో నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. చాలాసేపు కాలితో మట్టి గీకి, చివరికి నోరు తెరిచినాడు.

"అక్కా, నాకు ఈత నేర్పుతావా?"

"నీకు గండముండాది. జేజి నా తోలు తీస్తాది."

"ఎవురికీ చెప్పను. మెట్ల మీదనే కూసుంటా. కాళ్ళు మాత్రం పెడతా."

"వద్దు."

"బళ్ళో నన్ను గండంగాడా అని పిలుస్తాండారు అక్కా. అందరికీ వచ్చు, నాకొక్కనికే రాదు."

వాడి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నేను చూసినాను. చూసి సంతోషపడినాను. వాడు అడిగి లేదనిపించుకోవడం నేను పుట్టి అదే మొదటిసారి చూడడం. అయినా వాడు వదల్లేదు, నా పావడా కొస పట్టుకున్నాడు. వదిలించుకోవడానికి నోటికొచ్చింది అనేసినాను.

"పదేండ్లు నిండనీరా. గండం తీరినాక ఈత అదే వస్తాది. నేర్చుకునేది యాముంది?"

"నిజంగానా?"

"ఆ, నిజమే."

వాడు నమ్మినాడు. నమ్మకుండా ఎట్లా ఉంటాడు? పుట్టినప్పటి నుంచి వాడికి నీళ్ళ గురించి ఒకే సంగతి చెప్పినారు. ఫలానా రోజు దాకా చంపుతాయి, ఆ తరువాత చంపవు. నీళ్ళంటే లోతని, ఊపిరాడదని, కాలికి నేల తగలదని ఎవరూ చెప్పలేదు. వాడికి నీళ్ళు ఒక పగవాడి లాంటివి, గడువు తీరితే ఆ పగవాడు ఊరు విడిచి పోతాడు. పెద్దవాళ్ళు ఇన్నేండ్లు చెప్తున్నదానికి నేను చివర ఒక్క మాట తగిలించినాను, అంతే. ఆ ఒక్క మాట వాడి లెక్కలో చక్కగా కుదురుకుంది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు అవి. వైశాఖంలో వాడికి పదేండ్లు నిండినాయి. జేజి ఆ రోజు చేసిన హంగామా పెండ్లికి తక్కువ కాదు. ప్రొద్దుటూరు ఆయన్ని పిలిపించి శాంతి చేయించింది. తరువాత వీధిలో ఆడవాళ్ళందరూ పసుపూ పూలూ పట్టుకొని, తమ్ముణ్ణి ముందు నడిపించుకొని పెన్నకు పోయినారు. ఎండాకాలం కదా, ఏట్లో నడి ఇసుకలో ఒక పాయ మాత్రం పారుతోంది, అదీ చీలమండల దాకా. వాణ్ణి అందులో నిలబెట్టి జేజి గంగమ్మకు దండం పెట్టింది. "ఇంక నీకూ మా పిల్లోనికీ ఏమీ లేదు తల్లీ" అన్నది. వాడు వంగి, రెండు చేతులతో నీళ్ళు ఎత్తి తల మీద చల్లుకొని నవ్వినాడు. అంత నవ్వు వాడి మొహాన నేను మళ్ళీ చూడలేదు. జాతకాల ఆయన గొడుగు నీడలో నిలబడి, "ఇంక భయం లేదమ్మా" అన్నాడు. అందరూ వడపప్పు తిని ఇంటికొచ్చినారు. తొట్టి మీద పొత్రం ఆ సాయంత్రమే తీసేసినారు.

వాడికి ఈత నేర్పండి అని ఒక్కరికీ తోచలేదు. తోచకపోవడమే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. పదేండ్లు చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడిన మనుషులు, పంచాంగంలో ఒక తిథి దాటగానే కాళ్ళు బార్లా చాపుకొని కూర్చున్నారు. ఏ పిల్లోడికి నీళ్ళతో నిజంగా ప్రమాదముంటుందో ఆ వీధిలో ఏ సేద్యగాణ్ణి అడిగినా చెప్పుంటాడు. మా జేజి వాళ్ళను అడగలేదు. గళ్ళు గీసేవాణ్ణి అడిగింది.

నాలుగో రోజు పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ నేను అరుగు మీద కూర్చొని చింతపండు పిక్కలు తీస్తున్నాను. వాడు తన ఈడు పిల్లలు నలుగురితో బయటికి వచ్చినాడు. చొక్కా అప్పటికే విప్పి భుజాన వేసుకున్నాడు.

"అక్కా, బాయికి పోతాండా. నువ్వూ రా" అన్నాడు.

"పో. నాకు పనుండాది" అన్నాను.

చింతపండు పిక్కలు తీసేది అంత గొప్ప పనేమీ కాదు. నాకు పదమూడేండ్లొచ్చినాయని, ఇంక మగపిల్లలతో బావిలో దిగకూడదని జేజి ఆ నెలలోనే కట్టడి చేసింది. నా నీళ్ళు నాకు పోయినాయి, వాడికి వచ్చినాయి. ఆ కడుపుమంటతో పో అన్నాను. వాడికి ఈత రాదని నాకు తెలుసు. ఆ బావి ఎంత లోతో, మెట్లు ఎక్కడ ఆగిపోతాయో నాకు తెలుసు. ఏడాది కిందట నేను ఏమన్నానో కూడా తెలుసు. జాతకం రాసినవాడికి తెలియదు, జేజికి తెలియదు, నాయనకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఆ ఊరి మొత్తానికి జరగబోయేది చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పకుండా పిక్కలు తీసినాను.

పిల్లలు అరుస్తూ పరుగెత్తుకొచ్చినప్పుడు చేతులు కడుక్కోకుండానే పరుగెత్తినాను. నేను పోయేసరికి సేద్యగాడు వాణ్ణి పైకి తెచ్చేసినాడు. రాతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కుతున్నాడు. నొక్కీ నొక్కీ చివరికి ఆపి, తన తలగుడ్డ విప్పి వాడి మీద కప్పినాడు. ఏం జరిగిందో పిల్లలు చెప్పినారు. ఒకరి తరువాత ఒకరు గట్టు మీద నుంచి దూకుతున్నారంట. వీడు మెట్లు కూడా దిగలేదు. "నాకు గండం తీరింది, చూడండ్రా" అని దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నడిబావిలోకి దూకినాడు. అంత ధైర్యంగా దూకితే ఈ నాలుగు రోజుల్లో ఈత నేర్చుకున్నాడనే అనుకున్నారు వాళ్ళు. పైకి రాకపోతే లోపల దాక్కొని ఆట పట్టిస్తున్నాడనుకొని నవ్వుతూ నిలబడినారు.

కర్మలు అయినాక జాతకాల ఆయన మళ్ళీ మా పడసాలలో కూర్చున్నాడు. జేజి కబురు పెట్టి పిలిపించింది. ఆయన మొహంలో కొంచెం కూడా బెరుకు లేదు. పాత కాగితం విప్పి, కండ్లద్దాలు సర్దుకొని, వేళ్ళు మడిచి తెరిచి, "నా లెక్క తప్పలేదు. పుట్టిన గడియ తప్పు చెప్పినారు మీరు. సరైన గడియ చెప్పింటే గండం పన్నెండేండ్ల దాకా వచ్చుండేది" అన్నాడు. గడియ చెప్పింది అమ్మ. మా ఇంట్లో గడియారం లేదు. తాలూకా కచేరీలో గంట గంటకూ కొట్టే గంట మా వీధికి వినపడేది. నొప్పులు పడుతూ అమ్మ దాన్ని లెక్కపెట్టింది.

"పదకొండు కొట్టినాకనే పుట్టినాడు. నాకు బాగా తెల్సు" అన్నది అమ్మ, తలుపు వెనక నుంచి. ఆమె గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదలు.

అప్పుడు జేజి నా వైపు తిరిగింది. "ఏమే, నీకు ఈత వచ్చు గదా? వాడు బాయికి పోతాండేది నువ్వు చూసినావు గదా? వానెంట ఎందుకు పోల్యా? ఎందుకు పోనిచ్చినావు చెప్పుమే?" అంటూ లేచింది. నాయన తలెత్తి నన్ను చూసినాడు. జాతకాల ఆయన కూడా చూసినాడు. ఇంకొక్క క్షణం ఉంటే అంతా చెప్పేసేదాన్ని.

అమ్మ తలుపు దాటి బయటికొచ్చింది. "పదకొండు కాదేమో. పన్నెండేమో. నొప్పుల్లో లెక్క తప్పింటా. నేనే తప్పు చెప్పినా" అన్నది.

జేజి నన్ను వదిలేసి అమ్మ మీద పడింది. "పిల్లోణ్ణి మింగినావు గదే!" అని జుట్టు పట్టుకుంది. నాయన ఆపలేదు. జాతకాల ఆయన నెమ్మదిగా కాగితం మడిచి సంచిలో పెట్టుకొని, "మానవులం, పొరపాట్లు సహజం" అన్నాడు, ఎవరిదో పొరపాటు తను పెద్దమనసుతో క్షమించినట్టు. ఆ తరువాత జేజి బతికినన్నాళ్ళూ అమ్మను పేరుతో పిలవలేదు. "గడియ తప్పినదానా" అనే పిలిచింది. అమ్మ పలికేది. అట్లా పలికే అమ్మను చూస్తే నాకు అసహ్యం వేసేది. ఎవరేమన్నా తల వంచే మనిషి, నిజం పెద్దగా చెప్పి కూడా ఒక్క నిమిషం నిలబడలేకపోయిందని అనుకున్నాను. ఆమెతో మంచిగా మాట్లాడటం మానేసినాను. అడిగితే అవునూ కాదూ, అంతే.

నేను చదువుకున్నాను. కడపలో టీచర్ ట్రైనింగ్ అయి, పులివెందులలో ఒక బళ్ళో చేరినాను. అప్పటికి రాజధాని హైదరాబాదుకు పోయింది. బళ్ళో మొదటి రోజు నేను పిల్లల్ని అడిగేది వాళ్ళ నాయన ఏం చేస్తాడని కాదు. మీ ఇంటి పక్క బావుందా? దానికి గోడ ఉందా? నీకు ఈత వచ్చా? మధ్యాహ్నం మీ అమ్మ ఎక్కడుంటుంది? నీతో ఆడేవాళ్ళకు ఈత వచ్చా? ఈ చివరిది ముఖ్యం. ఈత రాని పిల్లలు నలుగురు ఒకచోట ఉంటే గట్టు మీదే ఆడుకుంటారు. ఈత వచ్చినవాళ్ళ నడుమ రానివాడు ఒక్కడుంటే, వాడు దూకుతాడు. నా నోటుపుస్తకంలో అటువంటి పిల్లల పేర్లు వేరే పేజీలో రాసుకొని, సాయంత్రాలు వాళ్ళ ఇండ్లకు పోయేదాన్ని.

నన్ను చూస్తే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. "ఆ టీచరమ్మ నోరు మంచిది కాదు" అని పేరొచ్చింది. బడి దగ్గర బట్టలు కుట్టే ఒక సాయిబు ఉండేవాడు. వాళ్ళ ఇంటి వెనక బండల కోసం తవ్వి వదిలేసిన గుంత, వానాకాలంలో నిండా నీళ్ళు. ఆయన చిన్న కొడుకు మా బళ్ళోనే. వాడి అన్నలకు ఈత వచ్చు, వాడికి రాదు. "మీ చిన్నోడు ఈ వానాకాలం దాటడు" అన్నాను వాకిట్లో నిలబడి. ఆయన కుట్టుమిషను ఆపి, "ఏంది టీచరమ్మా, శాపనార్థాలు పెడతాండావా? మా ఇంటికి రావద్దు" అన్నాడు. మరుసటి రోజు మళ్ళీ పోయినాను. ఆ మరుసటి రోజూ పోయినాను. నన్ను తిట్టడానికే అన్నట్టు, నాలుగో వారంలో ఆయన పిల్లోణ్ణి బడికి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టినాడు. "నేర్పినాను, పో! ఇంక మా వాకిలి తొక్కగాకు" అన్నాడు. పిల్లోడి వీపు మీద బెండ్ల తాళ్ళు ఒరుసుకున్న ఎర్ర గీతలు ఉన్నాయి. వాడు ఆ వానాకాలం దాటినాడు, ఆ తరువాతివీ దాటినాడు. నా మాట అబద్ధమైందని సాయిబు అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. నేను చెప్పింది జరగకపోవడమే నా పని. దానికి ఎవరూ దండలు వెయ్యరు.

దండలు ఎవరికి వేస్తారో కూడా చూసినాను. ఒక దసరా సెలవుల్లో జమ్మలమడుగుకు పోతూ ముద్దనూరులో బస్సు మారినాను. ముందు సీట్లో జాతకాల ఆయన. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. పక్కన కూర్చున్న కొత్త మనిషికి తన గొప్పలు చెప్తున్నాడు. "జమ్మలమడుగులో ఒక పిల్లోనికి పేరు పెట్టే రోజే చెప్పినానప్పా, నీళ్ళ గండమని. పదేండ్లకు నీళ్ళలోనే పోయినాడు. నా మాట ఎప్పుడూ తప్పలా" అన్నాడు. పక్కాయన చేతులు జోడించినాడు.

నేను లేచి వాళ్ళ ముందుకు పోయి నిలబడినాను. బస్సు ఊగుతోంది. "ఆ పిల్లోని అక్కను నేను. పది నిండితే నూరేండ్లు బతుకుతాడని చెప్పింది నువ్వే. ఇంక భయం లేదని ఏట్లో నిలబడి చెప్పిందీ నువ్వే. మీ ఇంట్లో పిల్లోళ్ళకు ఈత వచ్చునా? నేర్పించింటావులే. నీ జాతకాల మీద నీకే నమ్మకం ల్యా" అన్నాను. ఆయనకు నువ్వు అన్నందుకు బస్సంతా నన్ను చూసింది. ఆయన గొడుగు దగ్గరికి లాక్కొని, "గడియ తప్పు చెప్పినారమ్మా. కన్నతల్లే ఒప్పుకునింది" అన్నాడు.

నిజమే, ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు మీదనే ఈ మనిషి ఇన్నేండ్లూ బతికినాడు. జమ్మలమడుగులో దిగి నేరుగా ఇంటికి నడిచినాను.

ఇంట్లో అమ్మ పడసాలలో కూర్చొని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. జేజి పోయి అప్పటికి రెండేండ్లు. సంచి కింద పెట్టకుండానే అమ్మ మీద ఎగిరినాను. "ఎందుకు ఒప్పుకున్నావు? పదకొండు కొట్టిందని నీకు తెల్సు గదా? నీ వల్ల ఆ ముసలోడు నా మొహం మీదనే..." అంటూ అరిచినాను. అరుస్తూ అరుస్తూ, ఎన్నేండ్లుగానో నోట్లోకి రాని మాట కూడా వచ్చేసింది. తమ్ముడు ఈత నేర్పమని అడిగినాడని, గండం తీరితే ఈత అదే వస్తుందని నేను చెప్పినానని, ఆ రోజు అరుగు మీద కూర్చొని పో అన్నది కూడా నేనేనని.

అమ్మ చేతిలో కాయ పట్టుకొని వినింది.

"తెల్సు. నువ్వు ఈత అదే వస్తాదన్న సంగతి ఆ పొద్దే వాడు నాతో చెప్పినాడు. నేను నవ్వి ఊరుకుంటి. వాడు నీకు చెప్పి పోయినప్పుడు గూడా నేను తలుపు ఎనకనే ఉంటి. నేను మాత్రం ఆపితినా?" అన్నది. "మీ జేజి నీ మీదికి లేసింది సూడు, నువ్వు చెప్పేస్తావని తెల్సిపాయ. చెప్పింటే నిన్ను ఆ ఇంట్లో బతకనిచ్చేటోళ్ళా? పదమూడేండ్ల దానివి. అందుకే గడియ నామీదేసుకుంటి."

ఆమె ఎదురుగా కూలబడినాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది, ఈసారి ఎవరి మీదో కూడా తెలియలేదు.

"మరి నాకన్నా చెప్పొచ్చు గదమ్మా? ఇన్నేండ్లు నిన్ను ఈసడించుకుంటి గదా. ఎందుకు ఊరుకుంటివి?"

అమ్మ కాయ పగలగొట్టి, గింజలు చాటలో వేసి, ఇంకోటి అందుకుంది.

"వాడు పోయినాక నువ్వు దినాలు దినాలు బువ్వ ముట్టలా. నా మీద కోపమొచ్చిన పొద్దు మాత్రం తింటాంటివి" అన్నది. "అందుకే రానిచ్చినా."